మూడడుగుల సముద్రపు అక్వేరియానికి ఏ ఫిల్టర్: కెనిస్టరా, స్కిమ్మరా, సంపా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. కొత్తగా కొన్న మూడడుగుల ట్యాంకు, 36×18×18 అంగుళాలు, ఇంకా నీళ్లు పోయలేదు. ఆరేళ్లుగా గోల్డ్ ఫిష్, మాలీలు పెంచిన అనుభవం ఉంది. ఇప్పుడు ఉప్పునీళ్లలో ఒక క్లౌన్ ఫిష్ జంట, రెండు మూడు డామ్సెల్స్, పాప పట్టుబడుతోంది కాబట్టి ఒక బ్లూ ట్యాంగ్ పెంచాలని ఉంది. షాపతను పెద్ద కెనిస్టర్ (మోటారుతో నడిచే, మూత బిగించిన ఫిల్టర్ డబ్బా), ఒక యూవీ (అతినీలలోహిత దీపం) ఉంటే చాలన్నాడు, కెనిస్టర్ కొనేశారు కూడా. స్నేహితుడు స్కిమ్మర్ (నురుగుతో మురికిని బయటికి తీసే పరికరం) లేకపోతే దండగ అంటున్నాడు. ఇంకొకరు సంప్ (ట్యాంకు కింద ఉండే నీళ్ల పెట్టె) పెట్టమంటే కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ గుర్తొచ్చి మీకు టెన్షన్. పైగా నెలలో వారం రోజులు ఆఫీసు పని మీద మీరు ఊళ్లో ఉండరు, ఇంట్లో అమ్మగారు చూసుకోవాలి.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ ట్యాంకుకి అసలు ఫిల్టర్ రాళ్లు. దానికి తోడు ఒక మంచి స్కిమ్మర్. ఆ స్కిమ్మర్ కూర్చోవడానికి చిన్న సంప్. యూవీ డబ్బులు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి. కెనిస్టర్‌ని అటకెక్కించక్కర్లేదు, దానికి వేరే పని ఉంది, చివర్లో చెప్తాను.

నేను విశాఖలో 2009లో మొదటి సముద్రపు ట్యాంకు పెట్టాను. మొదటి ఐదేళ్లు నాదీ కెనిస్టరే. అందుకే దాని మీద నా మాట కొంచెం కటువుగా ఉంటే సర్దుకోండి.

మంచినీళ్ల చేపలు పెంచిన వాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. నీళ్లు తేటగా ఉంటే ఫిల్టర్ బాగా పని చేస్తోందని లెక్క. కానీ స్పాంజిలో చిక్కిన చేపల మలం, మిగిలిపోయిన మేత ఎక్కడికీ పోలేదు. మోటారు తోసే నీళ్లన్నీ దాని మీదుగానే వెళ్తున్నాయి. అది అక్కడే కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ మీరు నీళ్లు మార్చేదాకా పేరుకుంటూనే ఉంటుంది. గోల్డ్ ఫిష్ ట్యాంకులో ఇది నడిచిపోతుంది, వారానికోసారి మూడో వంతు నీళ్లు కుళాయి నుంచి మార్చేస్తే సరి. ఇక్కడ ప్రతి లీటరుకీ 35 గ్రాములకు పైగా ఉప్పు కలపాలి, అది వంటింటి ఉప్పు కాదు, అక్వేరియం ఉప్పు. మీ ట్యాంకు పట్టేది 190 లీటర్లు, రాళ్లు ఇసుక పోను 160 అనుకోండి. మొదటిసారి నింపడానికే ఆరు కిలోల ఉప్పు కావాలి. మురికి పెరిగినప్పుడల్లా నీళ్లు మార్చేసే పద్ధతి పెట్టుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంకో తేడా కంటికి కనిపించదు. సముద్రపు ట్యాంకులో పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. గోల్డ్ ఫిష్ ఓర్చుకున్న అమ్మోనియా ఇక్కడ క్లౌన్ ఫిష్‌ని ఒక్క రాత్రిలో పడుకోబెడుతుంది. పైగా ఒకే వేడి దగ్గర ఉప్పునీళ్లలో కరిగే ఆక్సిజన్ మంచినీళ్లలో కంటే దాదాపు ఐదో వంతు తక్కువ. అందుకే ఏ పరికరం చూసినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది చెత్తని నీళ్లలోంచి బయటికి పంపుతోందా, కంటికి కనపడకుండా దాస్తోందా? రెండో ప్రశ్న: కరెంటు పోతే ఇది ఏమవుతుంది?

ఈ రెండో ప్రశ్న నాకు హుద్‌హుద్ నేర్పింది. 2014 అక్టోబర్ 12న తుపాను విశాఖ మీద పడింది. స్తంభాలు, చెట్లు, సెల్ టవర్లు అన్నీ పోయాయి. మా వీధికి కరెంటు ఆరో రోజు వచ్చింది. ఆ ఆరు రోజులూ బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు, సెల్స్ అయిపోయాక స్టీలు మగ్గు. మగ్గుతో నీళ్లు తీయడం, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోయడం. నేను, మా ఆవిడ, మా అమ్మ వంతులేసుకున్నాం. మేత పూర్తిగా ఆపేశాం. నాలుగు చేపల్లో మూడు బతికాయి. కరెంటు వచ్చిన సంతోషంలో ఫ్యాన్లు, ఫ్రిజ్‌తో పాటు కెనిస్టర్ స్విచ్ కూడా వేశాను. గొట్టంలోంచి ముందు బూడిద రంగు నీళ్లు వచ్చాయి, వెంటనే కుళ్లిన కోడిగుడ్డు కంపు. పరిగెత్తి ఆపేసరికి అర నిమిషం పట్టి ఉంటుంది. సాయంత్రానికి మూడూ పోయాయి. తుపానుకి బతికిన వాటిని నా చేత్తో చంపుకున్నాను.

ఏం జరిగిందంటే, కెనిస్టర్ మూత బిగించిన డబ్బా. మోటారు ఆగితే లోపలికి ఆక్సిజన్ రాదు. లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ని కొన్ని గంటల్లోనే వాడేసి చచ్చిపోవడం మొదలవుతుంది. తర్వాత ఆక్సిజన్ అక్కర్లేని రకాలు పెరుగుతాయి. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, అవి దాని మీద బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కోడిగుడ్డు కంపు దానిదే. ఆ డబ్బాలో ఆరు రోజుల పాటు తయారైన విషాన్ని నేను ఒక్కసారిగా చేపల మీద గుమ్మరించాను. మీ దగ్గర ఎలాగూ కెనిస్టర్ ఉంది కాబట్టి గుర్తుంచుకోండి, కరెంటు పోయి రెండు గంటలు దాటితే దాన్ని నేరుగా ఆన్ చేయొద్దు. విప్పి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజి, మీడియా (బాక్టీరియా పెరిగే ముక్కలు) ట్యాంకు నీళ్లతో ఒక బకెట్‌లో కడిగి, అప్పుడు పెట్టండి. ఆ పని మీరు ఊళ్లో లేనప్పుడు అమ్మగారు చేయగలరా? అందుకే మీకు అది ముఖ్య ఫిల్టర్‌గా వద్దంటున్నాను.

ఆ ఆరు రోజులూ చేపలు బతకడానికి కారణం రాళ్లు. అవి తెరుచుకున్న నీళ్లలో ఉన్నాయి. మగ్గుతో పోసిన ఆ కాస్త గాలి వాటి మీది బాక్టీరియాకి కూడా అందింది.

రాళ్లే ఫిల్టర్ అనే ఆలోచన కొత్తదేం కాదు. జకార్తాకి చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన రాళ్లు, ఇసుక, గాలి బుడగలు తప్ప ఇంకే ఫిల్టరూ లేకుండా ట్యాంకులు నడిపి, 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆ పద్ధతి గురించి రాశారు. తర్వాత జర్మనీ వాళ్లు అదే రాళ్లకి స్కిమ్మర్ జోడించారు, దాన్నే బెర్లిన్ పద్ధతి అంటారు. నేను మీకు చెప్తున్నది దాదాపు అదే. రాయి పైపొరలో ఆక్సిజన్ ఉన్నచోట బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్ దాకా తీసుకెళ్తుంది. రాయి లోపలి సన్నటి రంధ్రాల్లో ఆక్సిజన్ అందని చోట ఇంకో జాతి ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. స్పాంజి చేయలేని పని అది.

ఇక్కడ ఒక హెచ్చరిక. షాపుల్లో ఎవరైనా సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ (బాక్టీరియా, జీవాలతో ఉన్న రాయి) అని అమ్మితే కొనొద్దు. మన దేశంలో రీఫ్ (పగడపు దిబ్బలు) కట్టే రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికి ఉన్నంత రక్షణ. చచ్చిన పగడపు ముక్క ఇంట్లో ఉన్నా నేరమే. లైవ్ రాక్ పేరుతో వచ్చేదాంట్లో పగడం ఎంతో, రాయి ఎంతో మీరూ నేనూ తేల్చలేం. డ్రై రాక్ (జీవాలు లేని ఎండు రాయి) గానీ, అక్వేరియం కోసం తయారు చేసిన పోరస్ (సన్నటి రంధ్రాలున్న) రాయి గానీ కొనండి. మీ ట్యాంకుకి 12 నుంచి 15 కిలోలు చాలు. కొనే ముందు ఒక పరీక్ష: పొడి రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేయండి. పీల్చేసుకుంటే మంచి రాయి. జారిపోతే ఎంత అందంగా ఉన్నా వద్దు. ఖర్చు తగ్గుతుందని తాండూరు బండ ముక్కలు పేర్చిన వాళ్లని చూశాను. అదీ సున్నపురాయే, నీళ్లని పాడు చేయదు. కానీ గట్టి బండ, లోపల బాక్టీరియాకి ఇల్లు లేదు. అలంకారానికి తప్ప పనికిరాదు.

పేర్చేటప్పుడు వెనక అద్దానికి ఆనించి గోడ కట్టేయకండి. రాళ్ల వెనక మురికి పేరుకుంటే ఎవరూ తీయలేరు. ముందు రాళ్లు అద్దం మీద నిలబెట్టి, ఆ తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే, చేప ఇసుక తవ్విన రోజున రాయి కూలుతుంది. వాటి మధ్య నీళ్లు కదలడానికి ఒక చిన్న వేవ్‌మేకర్ తప్పనిసరి. రాయి ఎంత మంచిదైనా నీళ్లు దాని దగ్గరికి వెళ్లకపోతే వట్టి రాయే.

డ్రై రాక్‌లో మొదట బాక్టీరియా ఉండదు. ఉప్పునీళ్లు నింపి, చేపల మార్కెట్ నుంచి తెచ్చిన రొయ్య ముక్క ఒకటి చిన్న వల సంచిలో వేలాడదీయండి, లేదా అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి సుమారు 2 మిల్లీగ్రాములు) చేయండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి, రెండూ సున్నాకి వచ్చి, నైట్రేట్ మిగిలినప్పుడు ట్యాంకు సిద్ధమైనట్టు. బాటిల్ బాక్టీరియా వేస్తే కొంత తొందరగా అవుతుంది, మాయ ఏమీ జరగదు. మీ గోల్డ్ ఫిష్ ట్యాంకులోని పాత స్పాంజి తెచ్చి ఇందులో పెడితే పని అయిపోతుందని అనుకుంటున్నారేమో, ఆ బాక్టీరియాకి ఒక్కసారిగా ఇంత ఉప్పు పడదు, పెద్దగా ఉపయోగం లేదు. ఈ నెలన్నరలో రాళ్లు గోధుమ రంగు జిగురు పట్టి అసహ్యంగా ఉంటాయి. మా అమ్మ దాన్ని చూసి "ఇంత డబ్బు పోసి మురికి గుంట పెట్టావేంట్రా" అంది. కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది, గోకకండి.

ఇక స్కిమ్మర్. అనకాపల్లి వైపు బెల్లం వండే చోట ఎప్పుడైనా నిలబడ్డారా? పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతుంటే పైకి తెట్టు కడుతుంది. ఒకడు చిల్లుల గరిటె పట్టుకుని దాన్ని తీసి పక్కన పడేస్తూనే ఉంటాడు. ఆ మనిషి లేకపోతే బెల్లం నల్లగా వస్తుంది. స్కిమ్మర్ చేసేది ఆ పనే, కాకపోతే పొయ్యి బదులు గాలి బుడగలు. నీళ్లలో కరిగిన ప్రోటీన్లు, కొవ్వుల్లాంటివి బుడగ పైపొరకి అతుక్కుంటాయి. లక్షల సన్నటి బుడగలు సన్నటి మెడలోకి ఎక్కి నురుగై, పైనున్న కప్పులోకి పొర్లుతాయి. ఉప్పునీళ్లలో బుడగలు ఒకదాంతో ఒకటి కలవకుండా సన్నగా ఉంటాయి, అందుకే ఇది ఇక్కడ బాగా పని చేస్తుంది, మీ గోల్డ్ ఫిష్ ట్యాంకులో పని చేయదు. అసలు గొప్పతనం ఏమిటంటే, చెత్త కుళ్లి అమ్మోనియా కాకముందే చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. కప్పు తీసి వాష్‌బేసిన్‌లో పారబోసినప్పుడు నిజంగానే ట్యాంకు నుంచి బరువు దిగుతుంది. దాంతో పాటు నీళ్లకి గాలి కూడా బాగా అందుతుంది. మేలో నీళ్లు 30 డిగ్రీలు దాటినప్పుడు ఈ గాలే చేపల్ని కాపాడుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద రాసిన లీటర్లని నమ్మొద్దు, అది చేపలు తక్కువున్న ట్యాంకు లెక్క. మీ 190 లీటర్లకి 300 లీటర్ల రేటింగ్ ఉన్నది తీసుకోండి. అంతకన్నా మరీ పెద్దది కూడా వద్దు, చెత్త చాలక నురుగు నిలబడదు. కొత్త స్కిమ్మర్ మొదటి వారం పది రోజులు పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తుంది, ఒకరోజు ఏమీ రాదు, ఇంకోరోజు కప్పు పొంగి పోతుంది. పాడైందని షాపుకి తీసుకెళ్లకండి, లోపలి ప్లాస్టిక్ మీద జిగురు పొర పట్టేదాకా అంతే. తర్వాత కప్పులో ఏం వస్తోందో చూడండి. పల్చటి టీ రంగులో ఎక్కువగా వస్తుంటే తడిగా తీస్తోందని, ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లా చిక్కగా, తక్కువగా వస్తుంటే పొడిగా తీస్తోందని అంటాం. నేను ఇంట్లో ఉన్నప్పుడు తడి వైపు, ఊరెళ్తుంటే పొడి వైపు తిప్పి వెళ్తాను, కప్పు పొంగదు. మెడ లోపల పేరుకునే జిడ్డుని వారానికి రెండుసార్లు వేలితోనో పాత టూత్‌బ్రష్‌తోనో తుడవండి. ఆ జిడ్డు ఉంటే నురుగు పైకి ఎక్కదు. సబ్బు వాడకండి. తలకి నూనె రాసుకున్న చేతులు ట్యాంకులో పెడితే ఆ పూట నురుగు చచ్చిపోతుంది, మా ఇంట్లో ఆదివారం నూనె స్నానాలకి స్కిమ్మర్‌కీ సెలవే.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. స్కిమ్మర్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. దోమల మందు మిషన్లు, స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్ మందులు మనుషులకంటే చేపలకి, రొయ్యలకి చాలా ఎక్కువ విషం. ట్యాంకు ఉన్న గదిలో అవి వాడొద్దు. తప్పదంటే స్కిమ్మర్ గాలి గొట్టానికి ఇంకో ట్యూబు తగిలించి కిటికీ బయటికి పెట్టండి.

సంప్ అనగానే మీకు అపార్ట్‌మెంట్ కింద నీళ్ల ట్యాంకర్ నింపే సంప్ గుర్తొస్తుందేమో. ఇది ట్యాంకు కింద అల్మారాలో పెట్టే రెండడుగుల అద్దపు పెట్టె, అంతే. పై ట్యాంకు నీళ్లు ఓవర్‌ఫ్లో (నీళ్లు పొర్లి దిగే దారి) ద్వారా కిందికి దిగుతాయి, అందులో స్కిమ్మర్, హీటర్, కార్బన్ సంచి అన్నీ కూర్చుంటాయి, చివరి గదిలోని మోటారు నీళ్లని మళ్లీ పైకి పంపుతుంది. నీళ్లు కారడం గురించి మీ భయం సరైనదే, కానీ అది లెక్కతో పోయే భయం. మీ ట్యాంకులో అంగుళం ఎత్తు నీళ్లంటే పదిన్నర లీటర్లు. కరెంటు పోయినప్పుడు ఓవర్‌ఫ్లో అంచు దాకా, నీళ్లని పైకి తెచ్చే రిటర్న్ గొట్టం మూతి దాకా ఉన్న నీళ్లు కిందికి వస్తాయి, రెండంగుళాలు దిగాయనుకుంటే 21 లీటర్లు. 24×12 అంగుళాల సంప్‌లో పైన ఆరంగుళాలు ఖాళీ ఉంచితే 28 లీటర్లు పడుతుంది. గొట్టం మూతిని మరీ లోతుకి దించితే ఈ లెక్క తప్పుతుంది. నాకు అలాగే తప్పింది. అర్ధరాత్రి కరెంటు పోయి, పొద్దున లేచేసరికి హాల్లో ఉప్పునీళ్లు, అందులో తేలుతున్న మా వాడి లెక్కల నోట్స్. అందుకే మొదటి రోజే మీరే స్విచ్ ఆపి, నీళ్లు ఎంతవరకు ఎక్కాయో చూసి, మోటారు నడుస్తున్నప్పుడు ఏ గీత దాటి నింపకూడదో పర్మనెంట్ మార్కర్‌తో సంప్ మీద గీయండి.

మీ ట్యాంకు ఖాళీగా ఉండటం అదృష్టం. అద్దం పని చేసేవాళ్ల దగ్గర వెనక పలకకి రంధ్రం వేయించి, ఓవర్‌ఫ్లో పెట్టించండి. ముందు ఆ పలక టఫెన్డ్ గ్లాస్ (వేడితో గట్టిపరచిన అద్దం) కాదని నిర్ధారించుకోండి, టఫెన్డ్ అయితే డ్రిల్ పెట్టగానే పేలిపోతుంది. రంధ్రం కుదరకపోతే అంచుకి తగిలించే సైఫన్ ఓవర్‌ఫ్లో మాత్రం కొనొద్దు. కరెంటు వచ్చీపోయే చోట సైఫన్ తెగిపోతే, కింది మోటారు పైకి పంపుతూనే ఉంటుంది, పై ట్యాంకు పొర్లుతుంది. అప్పుడు సంప్ ఆలోచన మానేసి, వెనక తగిలించే హ్యాంగ్ ఆన్ స్కిమ్మర్ పెట్టుకోండి. పని కొంచెం తక్కువ చేస్తుంది, కానీ నిద్ర పడుతుంది.

మిగతావి త్వరగా. యూవీ అసలు ఫిల్టరే కాదు, దాని ముందు నుంచి నెమ్మదిగా పోయే నీళ్లలో తేలుతున్న క్రిముల్ని చంపుతుంది, ఏడాదికోసారి బల్బు మార్చాలి. చేప ఒంటి మీది తెల్లమచ్చల్ని అది తీయదు. ఆ డబ్బుతో ఒక చిన్న క్వారంటైన్ ట్యాంకు పెట్టి, కొత్త చేపని నెల రోజులు అందులో ఉంచితే పది రెట్లు లాభం. యాక్టివేటెడ్ కార్బన్ మంచిదే, నీళ్ల పసుపు రంగు, వాసన లాగుతుంది, నెలకోసారి మార్చకపోతే వట్టి బొగ్గు. షాపుల్లో కార్బన్‌తో కలిపి ఇచ్చే తెల్ల జియోలైట్ రాళ్లు మంచినీళ్లలో అమ్మోనియా పట్టుకుంటాయి, ఉప్పునీళ్లలో సోడియం అడ్డుపడి ఆ పని చేయలేవు. బయోబాల్స్ (బాక్టీరియా పెరిగే ప్లాస్టిక్ బంతులు) కెనిస్టర్‌కి అన్నలాంటివి, నైట్రేట్ తయారు చేస్తాయి, తీయవు. నాచుతో నైట్రేట్ తగ్గించడం నాకిష్టం. సంప్‌లో ఒక గదిలో కీటోమార్ఫా నాచు, మీద చిన్న లైటు. పిడికెడు నాచు కోసి పారేస్తే అంత నైట్రేట్ బయటికి పోయినట్టే. ఇది ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు. ట్యాంకులో వోడ్కా చుక్కలు వేసి బాక్టీరియాని పెంచే పద్ధతి కూడా ఉంది, పనిచేస్తుంది, కానీ మొదటి ఏడాది జోలికి పోకండి. ఇంట్లో దానికి సంజాయిషీ చెప్పుకోవడం వేరే కథ.

నీళ్ల గురించి చెప్పకుండా ఫిల్టర్ గురించి చెప్పడం సగం మాట. హైదరాబాద్ బోరు నీళ్లు నేరుగా వద్దు. వంటింటి ఆర్వో నీళ్లు వాడదామనుకుంటే రెండు విషయాలు చూడండి. చాలా మిషన్లలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది, అది శుద్ధి చేసిన నీళ్లలో మళ్లీ కొంత పాత నీళ్లు కలుపుతుంది. రెండోది, ఈ మధ్య ఆరోగ్యానికి మంచిదని కాపర్ కార్ట్‌రిడ్జ్ పెడుతున్నారు. మనకి మంచిదేమో గానీ రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపుతుంది. మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టానికే T ఆకారపు వేరే కనెక్షన్ తీయించి, దాని తర్వాత ఒక డీఐ రెజిన్ (మిగిలిన లవణాలు పట్టే గుళికలు) డబ్బా పెట్టండి. టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఇక విశాఖలో ఉండి సముద్రపు నీళ్లే వాడతారా అని నన్ను చాలామంది అడుగుతారు. వేసవిలో తెచ్చుకునేవాణ్ని. వర్షాలు అయ్యాక నదుల నీళ్లు బంగాళాఖాతంలో కలిసి మన తీరం వెంబడి ఉప్పు బాగా తగ్గుతుంది. ఒక నవంబరులో తెచ్చిన నీళ్లు రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు కొలిచే పరికరం) సాపేక్ష సాంద్రత 1.019 చూపించాయి, కావాల్సింది 1.025. ఇప్పుడు నేనూ ఉప్పు కొనుక్కునే కలుపుకుంటున్నాను.

మీరు ఊళ్లో లేని ఆ వారం సంగతి. ఆవిరయ్యేది మంచినీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది, కాబట్టి తగ్గినంత ఆర్వో నీళ్లే పోయాలి. మూడడుగుల ట్యాంకుకి రోజుకి రెండు మూడు లీటర్లు, ఫ్యాన్ పెడితే ఇంకా ఎక్కువ. ఆటో టాప్ అప్ (తగ్గిన నీళ్లు తనంతట తానే పోసే పరికరం) ఒకటి కొని, 20 లీటర్ల వాటర్ క్యాన్ పక్కన పెడితే మామూలు రోజుల్లో వారం వస్తుంది, మేలో రాదు. బయల్దేరే ముందు సంప్‌లోని ఫిల్టర్ సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి) ఉంటే తీసేయండి, మీరు లేనప్పుడు అది మూసుకుపోయి పొర్లడం కంటే వారం రోజులు అసలు లేకపోవడం మేలు. మేత రోజుకో పొట్లం కట్టి, పొట్లం మీద వారం పేరు రాసి అమ్మగారికి ఇవ్వండి. మేత డబ్బా మాత్రం దాచేయండి. పెద్దవాళ్లకి చేపలు ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తాయి. ఒక్క పొట్లం ఎక్కువ పడితే దాన్ని ఏ ఫిల్టరూ ఆ రాత్రికి తీయలేదు. ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్‌ని దానికి కలపండి, స్కిమ్మర్ ఆగినా ఫర్వాలేదు, నీళ్లు కదులుతుంటే చాలు.

బ్లూ ట్యాంగ్ గురించి పాపకి మీరే చెప్పాలి. షాపులో రెండంగుళాలు ఉంటుంది, పెరిగితే అడుగు దాకా అవుతుంది, రోజంతా ఈదే చేప. మూడడుగుల ట్యాంకులో దానికి మలుపు తిరగడానికే సరిపోతుంది, దాని మలానికి ఈ స్కిమ్మర్ సరిపోదు. క్లౌన్ జంట మాత్రం హేచరీలో పుట్టినవి అడిగి తీసుకోండి. తమిళనాడులో మండపం అనే ఊళ్లోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు వాటిని హేచరీలో పెంచే పద్ధతి తెచ్చాక మన దేశంలోనే దొరుకుతున్నాయి. చిన్నప్పటి నుంచి గుళికల మేత తిన్నవి కాబట్టి సముద్రంలో పట్టిన వాటికంటే నిలదొక్కుకుంటాయి. డామ్సెల్స్ ఒకటి చాలు, అది కూడా చివర్లో వేయండి. ముందు వేస్తే ట్యాంకంతా నాదేనంటుంది.

చివరికి మీ కెనిస్టర్. అది రోజూ నడవకూడదు గానీ, నెలకి రెండుసార్లు బంగారం. నీళ్లు మార్చే రోజు రాళ్ల మీద, ఇసుక మీద మురికిని చిన్న పంపుతో ఊది లేపండి. నీళ్లు మబ్బుగా అవుతాయి. అప్పుడు కెనిస్టర్‌లో సన్నటి ఫ్లాస్ (దూది లాంటి వడపోత పీచు) మాత్రం నింపి మూడు నాలుగు గంటలు నడపండి. ఆ మురికంతా దాంట్లోకి చేరాక విప్పి, ఫ్లాస్ పారేసి, డబ్బా కడిగి ఎండలో బోర్లించండి. తర్వాత 25 లీటర్లు కొత్త నీళ్లు పోయండి, దానికి ఉప్పు సుమారు 900 గ్రాములు, ముందు రోజే కలిపి ఉంచాలి.

ముందు గ్లాస్ పని కానివ్వండి, రాళ్లు కొనండి. రొయ్య ముక్క వేసిన రోజు నుంచి అమ్మోనియా, నైట్రైట్ రీడింగులు ఒక కాగితం మీద రాసుకుంటూ ఉండండి. రెండూ సున్నాకి వచ్చిన వారం ఆ కాగితం ఫోటో ఇక్కడ పెట్టండి, చేపలు ఏ వరసలో వేయాలో అప్పుడు చూద్దాం.